చదివినవారు, రాసినవారు

రామచంద్రం కంప్యూటర్లోకెక్కాడన్న సంగతి నల్గొండ మొత్తంలో ఆఖరున తెలిసింది అబ్దుల్ హమీదుకే. తెలిసిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, చెయ్యి కడిగేసుకున్నాడు.

"పప్పుల ఉప్పెక్కువైందా?" అంది భార్య జాహేదా.

"ఉప్పు సరిగ్గనే ఉంది."

"మరేం తక్కువైంది?"

అరవై ఏళ్ల మనిషి, పక్కవాడి వైభవం చూడలేక కడుపు మండుతోందని పెళ్లాంతో ఎట్లా చెబుతాడు? ఒంట్లో బాగాలేదని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కడుపునొప్పికి దవాఖానలో మందుంది కానీ కడుపుమంటకు ఏ డాక్టరూ చీటీ రాయలేదు.

ఆ నిప్పు తెచ్చి పోసింది స్టాంపు కాగితాలమ్మే బాబా మియా. జిల్లా కచేరీ గోడ పక్కన హమీదు బల్ల, ఆ బల్ల పక్కనే బాబా మియా పెట్టె. పొద్దున చాయ్ తాగుతూ మామూలుగా అన్నాడు.

"ఇన్నవా హమీద్ భాయ్? మన రామచంద్రం పేరు కంప్యూటర్ల పెట్టిన్రంట. బస్టాండు ఎనక నెట్ సెంటరుంది గదా, ఆడ. భీవండిల కూసున్నోళ్లు, మస్కట్ల కూసున్నోళ్లు ఈయన సంగతి చదువుతున్నరంట."

"ఏముంది చదవనీకి? వానికేమొస్తది?"

"ఏమో భాయ్. జనం మాత్రం మెచ్చుకుంటున్రు."

ఆ 'మెచ్చుకుంటున్రు' అన్న మాట హమీదు గొంతులో చేపముల్లులా దిగబడింది. చాయ్ చల్లారిపోయింది.

ఇంతకీ ఈ ఇద్దరి పనేమిటంటే వంశవృక్షాలు తీయడం. నిజాం కాలంనాటి భూమి కాగితాలన్నీ ఉర్దూలో ఉంటాయి. తాత పేరున ఉన్న చెలక మనవడి పేరుకు మారాలన్నా, పిల్లనిచ్చే ముందు రెండిళ్లకూ వరస కుదురుతుందో లేదో తేల్చుకోవాలన్నా, జనం ఆ కాగితాల నకళ్లు సంచిలో పెట్టుకుని వస్తారు. వీళ్లు చదివి, ఎవరు ఎవరి కొడుకో తేల్చి, చెట్టు గీసి ఇస్తారు. ముస్లిముల ఇళ్లలో దాన్నే షజ్రా అంటారు.

హమీదుకు ఈ విద్య పుట్టుకతో వచ్చినట్టే. పట్వారీలు హడావుడిగా, చుక్కలు పెట్టకుండా, అక్షరాలు ఒకదానికొకటి తగిలించుకుంటూ రాసిన గొలుసుకట్టు రాత ఉంటుంది, షికస్తా అంటారు. అది చదవగలిగినవాడు జిల్లాలో ఆయనొక్కడే. కానీ ఆయన తెలుగు రాత మాత్రం కోడి కెలికినట్టు ఉంటుంది. రామచంద్రానిది ముత్యాల్లాంటి రాత. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదువుకున్న రామచంద్రాన్ని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుని, పన్నెండేళ్లు ఈ పని నేర్పింది హమీదే. హమీదు పైకి చదివేవాడు, రామచంద్రం రాసేవాడు. కాగితం కింద ఎడమవైపు 'చదివినవారు' అని హమీదు సంతకం, కుడివైపు 'రాసినవారు' అని రామచంద్రం సంతకం. రెండూ ఉంటేనే కాగితానికి విలువ.

అట్లాంటివాళ్లు 1987లో విడిపోయారు. ఎందుకని ఎవరడిగినా హమీదు దగ్గర ఒక్కటే జవాబుండేది. "రాతల తప్పు చేసిండు. పక్కకు పెట్టిన." ఈ పన్నెండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడంటే, అది అబద్ధమన్న సంగతి ఆయనే అప్పుడప్పుడూ మరిచిపోయేవాడు.

మూడు రోజులు ఓపిక పట్టాడు. నాలుగో రోజు తెల్ల షేర్వానీ తొడుక్కుని, అత్తరు రాసుకుని, బస్టాండు వెనక నెట్ సెంటరుకు బయల్దేరాడు. నిఖా పిలుపు ఏదైనా ఉందా అని అడిగింది జాహేదా. వినిపించనట్టు వెళ్లిపోయాడు.

నెట్ సెంటరంటే ఒక మడిగె, మూడు కంప్యూటర్లు, ఒక టెలిఫోను. నడిపేది మంజులత అనే ముప్పై ఏళ్లమ్మాయి. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి అప్పటికి ఏడాది.

"నా పేరు అబ్దుల్ హమీద్, బిడ్డా. షజ్రాలు, వంశవృక్షాలు తీస్త. నా సంగతి గూడ గా కంప్యూటర్ల పెట్టాలె."

మంజులత లేచి నిలబడింది. "హమీద్ సాబంటే మీరేనా సార్? కూసోండి, కూసోండి."

ఆ మర్యాదకు ఆయన ఛాతీ కొంచెం ఉబ్బింది. తన పేరు తెలియనివాళ్లుంటారా నల్గొండలో!

"తెలుగు అక్షరాలు నెట్ల సక్కగ రావు సార్. మీరు కాగితం మీద రాసిస్తే, దాన్నే ఫోటో లెక్క తీసి పెడ్త. మీ రాతే కనపడ్తది."

"నా రాత వద్దు. నేను చెప్త, నువ్వు రాయి."

మంజులత తెల్లకాగితం, పెన్ను తీసుకుంది. హమీదు గొంతు సవరించుకున్నాడు. మూడు రాత్రులు మంచం మీద అటూ ఇటూ పొర్లుతూ కూర్చుకున్న మాటలు.

"అబ్దుల్ హమీద్. వంశవృక్షాల పెద్ద. ముప్పై అయిదేండ్ల అనుభవం. నిజాం కాలంనాటి ఎసోంటి కాగితమైనా చదువబడును. మా తాత నిజాం సర్కారు రికార్డు ఆఫీసుల పెద్ద హోదాల పనిచేసిండు. రాసినవా? ఎన్ని తరాలైనా తీయబడును. ఇప్పటిదాకా ఒక్క తప్పు గూడ జరగలేదు. గది జర పెద్దక్షరాలల్ల రాయి."

తాత రికార్డు ఆఫీసులో పనిచేసిన మాట నిజమే. పనిచేసింది కాగితాల కట్టలను ఎర్రగుడ్డలో చుట్టి తాడు బిగించే పనిలో. నల్గొండ జిల్లాలో అందరి తాతలనూ తవ్వి తీసిన మనిషి తన తాత దగ్గరికొచ్చేసరికి ఇంత ధారాళంగా హోదా పంచిపెట్టాడు. రామచంద్రం తండ్రి గొర్లు కాశాడు మరి. ఆ ఒక్క మెట్టన్నా పైన ఉండకపోతే ఎట్లా?

మంజులత రాయడం ఆపింది. "మరి తప్పులు సార్?"

"ఏం తప్పులు?"

"చేసిన తప్పులు. రామచంద్రం సార్ రాసిండు గదా. అందరికి నచ్చింది గదే."

హమీదు నవ్వాడు. "తన తప్పులు తీసి దుకాణం ముంగట ఏలాడదీసుకుంటడా ఎవడన్న? వానికి తలకాయ తిరిగిందా?"

"మీరు చూడలేదా సార్?" అంటూ మంజులత కంప్యూటరు ముందు కూర్చుంది. టెలిఫోను కీచుమని అరిచింది. చాలాసేపు తెల్లగా ఉండిపోయిన తెర మీద, పైనుంచి కిందికి, ఒక్కొక్క గీతగా కాగితం దిగడం మొదలైంది.

మొదట కనిపించింది రాత. ఆ రాత చూడగానే హమీదు లోపల ఏదో కదిలింది. 'ర' గుండ్రంగా, కొమ్ము కొంచెం పొడుగ్గా సాగదీసి రాసే ఆ చెయ్యి పన్నెండేళ్లు ఆయన మోచేతి పక్కనే ఉండేది. తల దగ్గరికి పెట్టి చదవసాగాడు.

'నా పేరు రామచంద్రం. వంశవృక్షాలు రాస్తాను. మా నాయిన గొర్లు కాసేవాడు. ఎందరికో ఏడు తరాలు తీసి ఇచ్చాను కానీ నాకు మా ముత్తాత పేరు ఇంతవరకు దొరకలేదు.'

"గిది గూడ చెప్పుకుంటరా!" అని గొణిగాడు హమీదు. మిగతాది దిగేదాకా ఆగక తప్పింది కాదు.

'విడివిడిగా రాసిన ఉర్దూ నేను చదవగలను. షికస్తా నాకు సగమే వస్తుంది. సగం వచ్చినదాన్ని వచ్చిందనుకోవడం మోసం. అలాంటి కాగితం తెస్తే నేను తీసుకోను. జిల్లా కచేరీ గోడ పక్కన అబ్దుల్ హమీద్ సాబు ఉంటారు, ఆయన దగ్గరికి వెళ్లండి. నాకు ఈ పని నేర్పిన గురువు ఆయనే.'

హమీదు చూపు అక్కడే ఆగిపోయింది. ఆ ఏడు ఉగాది దాటాక మగ్గాల పనికి భీవండికి వలసపోయిన ఒకాయన వచ్చాడు. తర్వాత మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినాయన ఒకడు. ఇద్దరి చేతుల్లోనూ షికస్తా కాగితాలే. "మీ పేరు విని వచ్చినం" అన్నారు. రెండో ఆయన వచ్చిన సాయంత్రం హమీదు జాహేదాతో, "సూడు, నా పేరు సముద్రం దాటింది" అన్నాడు. దాటిందే. రామచంద్రం మోసుకెళితే దాటింది.

చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు. శత్రువు చేసిన అన్యాయమైతే పదిమందికీ చెప్పుకుని ఏడవచ్చు. మేలు చేస్తే ఏం చెప్పుకుంటాడు?

"కిందికి ఇంకా ఉంది సార్," అంది మంజులత.

'నేను చేసిన తప్పులు మూడు. ఒకటి. ఒకే ఊళ్లో ఇద్దరు గుర్వయ్యలుంటే ఇద్దరినీ ఒక్కరే అనుకున్నాను. వాళ్లింటికి వెళ్లి కాగితం మార్చి ఇచ్చాను. రెండు. ఏడాది నిండక ముందే చనిపోయిన ఆడపిల్లను చెట్టులో రాయలేదు. నా బిడ్డ ఏదని తల్లి అడిగితే తలెత్తలేకపోయాను. ఇప్పుడు అందరినీ రాస్తున్నాను.'

మూడోది దిగుతోంది. 'మూడు. 1987లో' అన్న రెండు మాటలు కనిపించగానే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, హమీదు చెయ్యి షేర్వానీ మెడ దగ్గరికి పోయింది. ఈ ముత్యాల రాతలో, మస్కట్ దాకా కనిపించేలా, తన పేరు ఇప్పుడు బయటపడుతుంది. పడాల్సిందే కదా!

జరిగింది ఇది. హుజూర్‌నగర్ దగ్గర ఉండే భిక్షపతి అనే రైతు తన బిడ్డ సైదమ్మకు సంబంధం చూశాడు. పిల్లవాడు జానయ్య అనే ఆయన కొడుకు. బొట్టు పెట్టి పోయారు కూడా. తీరా చూస్తే రెండిళ్లదీ ఒకటే ఇంటిపేరు. పూర్వం ఒకే ఊరి వాళ్లని తెలుసు కానీ, ఆ ఊరు సాగర్ నీళ్లలో మునిగిపోయింది, జనం తలా ఒక దిక్కయ్యారు, చెప్పగలిగిన ముసలివాళ్లు దగ్గరలో ఎవరూ మిగలలేదు. పాలోళ్లమైతే పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ల వరస అవుతారని భయపడి, పాత కాగితం నకలు తీయించుకుని వచ్చారు.

హమీదు చదివాడు. 'కుర్మయ్య వలద్ భద్రయ్య.' వలద్ అంటే కొడుకు. కుర్మయ్య భిక్షపతికి తాత. ఆ భద్రయ్య సొంత తమ్ముడి వంశమే జానయ్యది. అంటే రెండిళ్లూ పాలోళ్లే.

రామచంద్రం కలం ఎత్తి పట్టుకున్నాడు. "హమీదన్నా, జర ఆగు. కుర్మయ్య అంటె పాలమూరు దిక్కు పేరు. కురుమూర్తి సామి పేరు పెట్టుకునేటోళ్లు ఆడ ఉంటరు. గీ కృష్ణ ఒడ్డుకు జానయ్యలు, సైదులే గని కుర్మయ్య ఎట్లొచ్చిండు? ఇల్లుటం వచ్చిన అల్లుడేమో. అల్లున్ని గూడ పట్వారీలు కొడుకనే రాస్తుండె, ఇంటిపేరు గూడ మామదే పడ్తుండె. పాలమూరు దిక్కు ముసలోళ్లు ఎవరన్న ఉన్నరేమో, అడిగి రాద్దం."

హమీదుకు ఆ క్షణం బాగా గుర్తుంది. రామచంద్రం చెప్పింది నిజం కావచ్చని తెలిసింది. తెలిసిన వెంటనే ఇంకొకటి కూడా తెలిసింది, ఇది తనకు తట్టలేదని. తన దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడికి, బయటివాళ్ల ముందు, తనకంటే ముందు తట్టింది. ఒళ్లంతా కారం రాసినట్టయింది.

"కాగితం అబద్ధమాడదు. నేను చదువుత, నువ్వు రాయి. నీ పని గదే," అన్నాడు. రామచంద్రం ఆయన మొహం ఒకసారి చూసి, తలవంచుకుని రాశాడు.

సంబంధం చెడిపోయింది. మూడు నెలలకు సైదమ్మను దేవరకొండ దిక్కు ఇంకొకరికి ఇచ్చారు. ఆ పెళ్లికి పాలమూరు నుంచి భిక్షపతి మేనత్త ఈదమ్మ వచ్చింది. డెబ్బై ఏడేళ్ల ముసలిది. తాళి కట్టడం అయ్యాక, అక్షింతలు వేసి, "జానయ్య కొడుకునెందుకు కాదన్నరు? మా నాయిన కుర్మయ్య గా ఇంటికి ఇల్లుటం వచ్చినోడు. గా పిలగాడు దీనికి సక్కటి బావ వరస," అంది. పందిట్లో సైదమ్మ తలెత్తలేదట. భిక్షపతి మర్నాడే కచేరీకి వచ్చి, పదిమంది ముందు కాగితం చించి బల్ల మీద కొట్టాడు.

"నా బిడ్డ ముఖం ఎట్ల సూడాలె? ఎవడు చేసిండు గీ పని?"

అప్పుడు హమీదు నోట్లోంచి వచ్చిన మాట ఇది. "నేను సక్కగనే చదివిన. రాసినాయన తప్పు గీత గీసిండు."

రామచంద్రం కలానికి టోపీ పెట్టి, జేబులో పెట్టుకుని, లేచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి బస్టాండు దగ్గర కూర్చున్నాడు.

తెర మీద కాగితం పూర్తిగా దిగింది.

'మూడు. 1987లో నేను రాసిన చెట్టు వల్ల ఒక పిల్ల సంబంధం చెడిపోయింది. ఇల్లుటం వచ్చిన అల్లుడిని కొడుకుగా రాశాను. రాసేటప్పుడే నాకు అనుమానం వచ్చింది. అయినా రాశాను. అనుమానం వచ్చి కూడా రాసినవాడిదే తప్పు. ఆ తప్పును దిద్దే దారి నాకు దొరకలేదు.'

అంతే. చదివినవారెవరో లేదు. హమీదు మళ్లీ పైనుంచి కిందిదాకా చూశాడు. తన పేరు ఒక్కచోటే ఉంది, గురువు అన్నచోట.

"బాగుంది గదా సార్?" అంది మంజులత. "భీవండి నుంచి ఒకాయన రాసిండు. తప్పు ఒప్పుకునేటోడు మనకు అబద్ధం చెప్పడు అని. మరి మీది పెట్టమంటరా? 'ఒక్క తప్పు గూడ జరగలేదు', పెద్దక్షరాలల్లనే రాసిన."

"రేపొస్త బిడ్డా. గా కాగితం పక్కకు పెట్టు."

ఇంటికొచ్చి షేర్వానీ విప్పి విసిరేశాడు. జాహేదా బియ్యం ఏరుతోంది. ఇక ఆగలేక మొత్తం చెప్పేశాడు, పన్నెండేళ్లుగా చెప్పని సంగతితో సహా. చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో పశ్చాత్తాపం కంటే రోషమే ఎక్కువుంది.

"నా పేరు పెట్టి తిడితే నేను గూడ తిడుదును గదా! పెట్టలేదు. గురువంటడు! నాతోని నేర్చుకున్నడు, నా గిరాకీ గుంజుకున్నడు, ఆఖరికి నా తప్పు గూడ ఆయనే ఏసుకుని గొప్పోడైండు. నాకేం మిగిల్చిండు చెప్పు?"

జాహేదా చేట పక్కన పెట్టింది.

"గా పిల్ల పేరేంది?"

"సైదమ్మ."

"గిన్నేండ్లు నాతోని రామచంద్రం భాయిని తిట్టిపిచ్చిన్రు. గాయన పెండ్లాం ఎదురైతే నేను మొకం తిప్పుకుని పోయిన." ఆమె లేచి నిలబడింది. "గా తప్పు మీదే అయితే పోయి తెచ్చుకోండి. ఎవరొద్దన్నరు?"

చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు.

మర్నాడు మంజులత మడిగె తెరిచేసరికి హమీదు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. షేర్వానీ లేదు, రోజూ కచేరీకి తొడుక్కునే పాత చొక్కాయే. లోపలికొచ్చి, నిన్నటి కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"తెల్లకాగితమియ్యి."

"చెప్పండి సార్, రాస్త."

"వద్దు. నేనే రాస్త."

రాయడానికి గంటకు పైనే పట్టింది. ఒత్తులు వంకరపోయాయి, వరసలు కొండెక్కి దిగాయి. రెండుసార్లు ఆగి కిటికీలోంచి బస్టాండు వైపు చూశాడు. అక్కడ రేకుల నీడలో, బల్ల ముందు వంగి రాసుకుంటున్న తెల్లజుట్టు ఒకటి కనబడుతోంది. ఇద్దరు ముగ్గురు ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు. తన బల్ల దగ్గర ఈపాటికి ఎవరుంటారు? బాబా మియా తప్ప ఎవరూ ఉండరు. అది తలుచుకోగానే మళ్లీ మంట. ఆ మంటతోనే మళ్లీ కలం పట్టాడు.

మంజులత కాగితం అందుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

'నా పేరు అబ్దుల్ హమీద్. షజ్రాలు, వంశవృక్షాలు చదువుతాను. షికస్తా బాగా వచ్చు. తెలుగు రాయడం రాదు, ఇది చూస్తే మీకే తెలుస్తుంది. మా తాత రికార్డు ఆఫీసులో కట్టలు కట్టేవాడు. నా తప్పులు. ఒకటి. 1987లో హుజూర్‌నగర్ దిక్కు సైదమ్మ అనే పిల్ల సంబంధం చెడగొట్టింది నేను. కుర్మయ్య ఇల్లుటం అల్లుడేమో అని రామచంద్రం అడిగాడు. నాకంటే ముందు ఆయనకు తట్టిందని ఓర్వలేక రాయమన్నాను. తర్వాత పదిమందిలో తప్పు ఆయన మీద పెట్టాను. రామచంద్రం తన కాగితంలో మూడోదని రాసుకున్నది నాది. చదివినవారు అబ్దుల్ హమీద్.'

మంజులత పెన్నుతో బల్ల మీద గీతలు గీసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఒకటో నంబరని వేసిన్రు సార్. ఇంకా ఉన్నయా?"

హమీదు కిటికీ అవతలికి చూస్తూ అన్నాడు. "రామచంద్రానివి ఎన్నున్నయి? మూడు గదా?"

"మూడు సార్. మీరిప్పుడు ఒకటి తీసుకున్నరు గదా, ఇగ రెండే."

"రెండేనా?" ఆయన కలం టోపీ మళ్లీ తీశాడు. "ఇంకో కాగితమియ్యి బిడ్డా. నాయి నాలుగున్నయి."